మోతీతో ఉద్దానంలో ఒక పగలు

"ఇంట్లో కుక్క ఉన్నదంటే ఇక ఊరు కదిలే యోగం లేనట్టే" అంటూ ఉంటారు మా పక్కింటి వదినగారు. ఈ మాట మీ ఇళ్ళలోనూ వినిపిస్తూనే ఉంటుంది. పిల్లలు ముచ్చటపడి కుక్కపిల్లను తెస్తారు, నాలుగు రోజులు ఆడుకుంటారు. ఆ తరువాత దాని అన్నం, దాని స్నానం, దాని మందులు అన్నీ మన కొంగుకే ముడిపడతాయి. సెలవు వచ్చిందంటే అందరూ షికారుకు బయలుదేరతారు, దానికి కాపలాగా మనం ఇంట్లో ఉంటాం. ఒకవేళ దాన్ని కట్టేసి వెళ్ళినా "పాపం, మంచినీళ్ళు అయిపోయాయేమో" అనుకుంటూ సగం షికారు పాడు చేసుకుంటాం.

అందుకని మేము దాన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాం. మా మోతీ జాతికుక్క ఏమీ కాదండీ. నాలుగేళ్ళ క్రితం వానల్లో మా వీధి కాలువ పక్కన దొరికిన ఊరకుక్కే. మా పిన్నిగారిది టెక్కలి. అక్కడికి వెళ్ళినప్పుడు ఒక పగలంతా తేలినీలాపురం, నౌపడా, పలాస, ఉద్దానం తీరం చూసి వచ్చాం. ఇలా రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి మావల్ల ఒక తప్పు జరిగింది. ఆ సంగతి దాచకుండా చెబుతాను, ఎందుకంటే మీరూ కుక్కను తీసుకుని అటు వెళితే అచ్చంగా అదే తప్పు చేసే అవకాశం ఉంది.

ఉద్దానం అంటే ఒక ఊరు కాదు. శ్రీకాకుళం జిల్లాకు ఈశాన్యపు కొసన, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో సముద్రం వారగా సాగిన తోటల నేల. ఉద్యానవనం అన్న మాటే జనం నోట ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి, మునగ, గట్ల మీద మొగలి పొదలు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క దూరంగా మహేంద్రగిరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీదనే విరుచుకుపడి, తరాల నాటి కొబ్బరి చెట్లను, జీడి చెట్లను నేలకూల్చింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది కదా. దారిలో కొన్నిచోట్ల చెట్లన్నీ ఒకే ఈడువిగా, లేతగా కనిపిస్తే ఎందుకా అని అనుకోనక్కరలేదు.

మేము రెండోసారి వెళ్ళింది సంక్రాంతి వెళ్ళిన వారానికి. కుక్కతో వెళ్ళడానికి ఆ రోజులే మేలు. వేసవిలో మధ్యాహ్నం తారురోడ్డు మీద, ఇసుక మీద దాని అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. మన అరచేతి వెనుక భాగం నేలకు ఆనించి చూడండి. మనం పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కుక్క కూడా నడవలేదన్నమాట.

తెల్లవారేసరికి టెక్కలి నుంచి తేలినీలాపురం చేరాం. అక్కడ ఊళ్ళో చెట్ల మీదనే, మనుషుల ఇళ్ళ మధ్యనే గూడబాతులు, రంగుకొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. గూడబాతంటే ముక్కు కింద సంచి వేలాడే పెద్ద పక్షి, పెలికాన్ అంటారే అదే. చలికాలం మొదట్లో వచ్చి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు, చిన్నప్పుడు నేనూ అలాగే విన్నాను. నిజానికి ఈ రెండు జాతులూ మన దక్షిణాసియా ప్రాంతపు పక్షులే. సైబీరియా పక్షులు కాకపోతే మాత్రం అందమేం తగ్గింది! ఆ ఊరివాళ్ళు వాటిని ఆడపడుచుల్లాగా చూసుకుంటారు. అవి వచ్చిన ఏడు పంటలు బాగుంటాయని నమ్మకం. పెరట్లో ఆ రెట్టలు, ఆ చేపల కంపు మనమైతే ఒక్క వారం భరించలేం సుమండీ.

ఇక్కడ కుక్కకు పని లేదు. గూడు నుంచి జారి కిందపడ్డ పిల్లపక్షిని కుక్క చూసిందంటే ఆపడం మన తరం కాదు. పట్టుకోకపోయినా, అది ఒక్కసారి మొరిగితే తల్లిపక్షులు గభాలున లేచిపోతాయి, ఆ అదురుకు పిల్లలు కింద పడతాయి. పైగా చెట్ల కింద సగం తిని జారవిడిచిన చేపలుంటాయి. 2021 డిసెంబరులో ఇక్కడ గూడబాతులు చాలా చచ్చిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమని తేల్చారు. అలాంటి చేప మన కుక్క నోట్లోకి వెళ్ళడం మనకు ఇష్టమా? అందుచేత మేము కారు ఊరి బయటే ఆపి, వంతులు వేసుకున్నాం. నేనూ పిల్లలూ వెళ్ళి పక్షుల్ని చూసినంతసేపు మావారు మోతీని పట్టుకుని పొలంగట్టున తిప్పారు, తరువాత ఆయన వెళ్ళారు. కుక్కను అద్దాలు బిగించిన కారులో వదిలి మాత్రం వెళ్ళకండి. చలికాలపు ఎండకైనా లోపల కొలిమిలా అయిపోతుంది.

అక్కడికి దగ్గరలోనే నౌపడా ఉప్పు మడులు. నీళ్ళు కట్టిన మడుల్లో ఆకాశం మొత్తం కనిపిస్తుంది. మన వంటింట్లో చిటికెడు చిటికెడుగా వాడే ఉప్పును ఆడవాళ్ళు తట్టలతో నెత్తిమీద మోస్తుంటే చూడాలి. వాళ్ళ పాదాల పగుళ్ళు చూశాక నేను ఉప్పు ఒలకబోసినప్పుడల్లా తడబడుతున్నాను. మోతీ గట్టు మీద రెండడుగులు వేసి కాలు ఎత్తుకుని నిలబడిపోయింది. చూస్తే వేళ్ళ మధ్య చిన్న గీత, ఉప్పు తగిలి మంట. మంచినీళ్ళతో కడిగి కారెక్కించాం.

నౌపడా నుంచి గుణుపూరు వెళ్ళే రైలు మార్గాన్ని పర్లాకిమిడి రాజావారు చిన్న రైలుగా వేయించారు. ఆ బుల్లి రైలులో తిరిగిన కథలు మా పిన్నిగారు చెబితే పొద్దుపోతుంది. ఇప్పుడది పెద్ద లైను.

రైలు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. కారు లేనివాళ్ళు పలాసకు రైలులో వెళ్ళవచ్చు, హౌరా మద్రాసు మార్గంలో పెద్ద స్టేషనే అది. అయితే కుక్కను స్లీపరులోకో మామూలు ఏ.సి. పెట్టెలోకో ఎక్కించడానికి వీల్లేదు. మొదటి తరగతి కూపే మొత్తం మన పేరున ఉంటే వెంట ఉంచుకోవచ్చు. లేకపోతే గార్డు పెట్టెలో ఉండే కుక్కల గూటిలో ఎక్కించాలి, పార్సిలు ఆఫీసులో ముందుగా టిక్కెట్టు తీసుకోవాలి. ఒంటరిగా, ఆ చప్పుడులో, ఆ చీకట్లో ఉంచడానికి నా మనసు ఒప్పలేదు. మీ కుక్క ధైర్యం మీకే తెలుస్తుంది.

పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలు. అక్కడ గాలిలోనే వేగిన జీడిపప్పు వాసన ఉంటుంది. మనం డబ్బాలోంచి తీసి పరమాన్నంలో వేసే పప్పు ఎన్ని చేతులు మారి వస్తుందో ఒకసారి చూస్తే ధర ఎక్కువని గొణగడం మానేస్తాం. తోటల్లోంచి వచ్చిన జీడి పిక్కల్ని ఎండబెడతారు, ఆవిరి మీద ఉడకబెడతారు లేదా కాలుస్తారు. ఆపైన ఒక్కొక్క పిక్కనూ కోసి పప్పు తీయాలి. పిక్క పెంకులో ఒక జిగురు రసం ఉంటుంది, ఒంటికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. అందుకే పనిచేసే ఆడవాళ్ళు చేతులకు బూడిదో నూనో రాసుకుంటారు. అంత జాగ్రత్త పడినా వేళ్ళు నల్లబడే ఉంటాయి. తీసిన పప్పును మళ్ళీ వేడిచేసి, పైపొట్టు ఒలిచి, సైజుల వారీగా ఏరతారు. గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు. గుండ్ల మీద 180, 210, 240, 320 అని అంకెలుంటాయి. పౌను బరువుకు ఎన్ని గింజలు తూగుతాయన్నదే ఆ లెక్క. అంటే అంకె పెరిగినకొద్దీ పప్పు చిన్నదన్నమాట. దుకాణంలో ఈ సంగతి మనకు తెలుసునని తెలిస్తే బేరం తీరే మారుతుంది. ఉప్మాకు, కూర గ్రేవీకి ముక్కలు చాలు, గుండ్లు కొని నలగ్గొట్టడం దండగ.

మరి కుక్క సంగతి? పచ్చి పిక్కల రాశి దగ్గరికి దాన్ని పోనివ్వకండి. పెంకు కొరికిందంటే నోరు, పెదవులు వాచిపోతాయి. ఒలిచిన పప్పు ఉప్పు కారం లేనిది ఒకటి రెండు పెడితే ప్రమాదం లేదు కానీ కొవ్వు ఎక్కువ, అలవాటు చేయకూడదు. అసలు ప్రమాదం జీడిపప్పులో లేదు, దానికి జంటగా మనం వేసే కిస్‌మిస్‌లో ఉంది. ద్రాక్షపండు గానీ కిస్‌మిస్ గానీ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కొన్నింటికి కొద్దిగా తిన్నా చాలు. మిగిలిన పరమాన్నం కుక్క పళ్ళెంలో వేసే అలవాటు మనలో ఎంతమందికి ఉందో! నాకూ ఉండేది. అలాగే ఉల్లి, వెల్లుల్లి దాని రక్తాన్ని పాడుచేస్తాయి. అంటే మన కూర కలిపిన అన్నం ఏదీ దానికి పనికిరాదన్నమాట. మామిడి టెంక, పనస గింజ మింగితే పేగుకు అడ్డం పడతాయి. పనస తొన ఒకటి, కొబ్బరి ముక్క చిన్నది, గింజల్లేకుండా, పెడితే సంతోషంగా తింటుంది.

భోజనం మాకు వజ్రపుకొత్తూరు వైపు పోయే దారిలో, పిన్నిగారి వియ్యాలవారి తోటలో అయింది. ఏం భోజనమండీ అది! లేత పనసకాయ పొట్టు కొట్టి ఆవపెట్టిన కూర, మునక్కాడలు వేసిన పులుసు, వంకాయలో జీడిపప్పు, చందువా చేప వేపుడు. ఆవ ఘాటు ముక్కుకెక్కి మా అబ్బాయి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. భోజనానికి ముందు వచ్చీరాగానే ఒక్కొక్కరికి గ్లాసెడు చోడి అంబలి ఇచ్చారు. మీ ప్రాంతంలో రాగులంటే ఇక్కడ చోళ్ళు. ఆ అంబలిలో ఉప్పు వేయకముందు తీసిన గరిటెడు మోతీకి కూడా పోశారు. నేను దానికని పెరుగన్నం చిన్న గిన్నెలో వేరే తెచ్చాను, దాన్ని ముట్టుకుంటేనా! గిన్నె నాకి నాకి అంబలి దగ్గరే కూర్చుంది. మధ్యాహ్నం తిన్నాక గంటసేపు కారెక్కించకుండా ఉంటే దారిలో వాంతులు ఉండవు.

మంచినీళ్ళు ఇంటి నుంచే తీసుకెళ్ళాం, కుక్కకు నీళ్ళు మారితే పడవు కనుక. ఆ ఇంటి ఇల్లాలు నా సీసాల వంక చూసి చిన్నబుచ్చుకుంది. "మా నీళ్ళంటే అందరికీ బయమేనమ్మా" అన్నది. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్ళను కుంగదీసింది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక్కమాటగా తేల్చలేదు. జనం అనుమానం నీళ్ళ మీద. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభించారు, హిరమండలం నుంచి గొట్టాల ద్వారా తాగునీటి పథకం కూడా అప్పుడే మొదలైంది. నేను సీసాలు కారులో పెట్టేసి ఆమె ఇచ్చిన చెంబు నీళ్ళు తాగాను. కుక్క కోసమని చెప్పినా సరే, ఒకరి గడపలో మన సీసా పైకి తీసేముందు చూసుకోవాలి.

భోజనమయ్యాక తోటలో నడుద్దామని పిల్లలు లేచారు. జీడిపూత వాసన గుప్పుమంటోంది. ఆ ఇంటి పెద్దాయన కర్ర పట్టుకుని తాను ముందు నడిచారు. "ఈ వేళప్పుడు పర్వాలేదు. పొద్దు వాలితే మాత్రం తోటలోకి కుక్కని తేకండి" అన్నారు. ఎందుకంటే ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. జీడిపళ్ళకు, పనసపళ్ళకు వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగుబంటి దాడిలో ఒక మనిషి ప్రాణం పోయింది, ఇంకా కొందరు గాయపడ్డారు. కుక్క తోడుంటే ధైర్యం అనుకుంటాం కదా, ఇక్కడ లెక్క తిరగబడుతుంది. విడిచిపెట్టిన కుక్క ముందు పరిగెత్తి ఎలుగును చూసి మొరుగుతుంది, అది కోపంతో తిరగబడగానే భయపడి ఎక్కడికి వస్తుంది? మన దగ్గరికే! వెనకాలే ఎలుగు. అందుకని తోటలో కుక్క తాడు మన చేతిలోనే ఉండాలి, నలుగురం మాట్లాడుకుంటూ నడవాలి, ఎండ ఉన్నంతసేపే ఉండాలి. తోట దాటి వచ్చాక దాని చెవుల వెనుక, వేళ్ళ సందుల్లో పిడుదులు పట్టాయేమో వేళ్ళతో తడిమి చూసుకోవాలి. మోతీకి మూడు దొరికాయి.

ఇక సముద్రం దగ్గరికి వద్దాం. నేను చెప్పాలని కూర్చున్నది దీని గురించే.

మొదటిసారి మేము అక్కుపల్లి వైపు తీరానికి వెళ్ళింది ఒక ఫిబ్రవరి ఉదయాన. ఎంత పొడవు తీరం, ఎంత ఇసుక! కనుచూపుమేర మనిషి లేడు. ఊళ్ళో ఎప్పుడూ తాడుతోనే తిరిగే మోతీని చూసి జాలేసి, "పోనీలే, ఇక్కడైనా పరిగెత్తనీ" అని నేనే విప్పేశాను. అది అలల వెంట పడింది, మా అమ్మాయి చుట్టూ గిరగిర తిరిగింది. మేమంతా నవ్వుకున్నాం. తరువాత పైకి, సరుగుడు చెట్ల వైపు పోయి ఒకచోట ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. వెనక్కి ఇసుక ఎగజిమ్ముతుంటే అదీ వేడుకగానే ఉంది, మా అబ్బాయి ఫోటో కూడా తీశాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే గోతిలో తెల్లని బంతులు, టేబుల్ టెన్నిస్ బంతుల్లాంటివి. అప్పటికే కొన్ని చితికిపోయాయి, మోతీ మూతికి సొన.

చేపల తట్టతో పోతున్న ఒకావిడ అంత దూరం నుంచి తట్ట దించి పరిగెత్తుకొచ్చింది. "ఏటమ్మా, కుక్కని ఒగ్గీసినారేటి? అవి తాబేలు గుడ్లు కదా! ఆ తల్లి రాత్రంతా ఇసుక తవ్వి ఎట్టుకుంది. మీకు పిల్లల్లేరేటి?" అన్నది. నా పక్కన నా పిల్లలిద్దరూ నిలబడి ఉన్నారు. నేనేం మాట్లాడగలను? ఆమే పిల్లాణ్ణి పంపి అటవీశాఖ కాపలా మనిషిని పిలిపించింది. పగిలినవి లెక్కపెట్టాను. పద్ధెనిమిది.

ఆ తరువాత ఇంటికి వచ్చి తెలుసుకున్నవి చెబుతాను. అవి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు. ఒడిశాలో గహిర్మఠ, ఋషికుల్య తీరాలకు లక్షల్లో వచ్చేవి ఇవే. మన శ్రీకాకుళం తీరానికి విడివిడిగా, రాత్రివేళ ఒక్కొక్కటీ వస్తాయి, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. అల తాకని ఎత్తుకు పాక్కుంటూ వచ్చి, వెనుక కాళ్ళతో మూరెడు లోతు గొయ్యి తీసి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోతుంది. తిరిగి చూసుకోవడానికి రాదు. నలభై అయిదు నుంచి అరవై రోజులకు ఇసుక వేడికే పిల్లలవుతాయి. ఆ వేడిని బట్టే అవి ఆడవో మగవో కూడా తేలుతుందట. వేయి పిల్లల్లో ఒకటి పెరిగి పెద్దదైతే గొప్ప అంటారు. గుడ్డుగా ఉండగా నక్కలు, కుక్కలు తవ్వేస్తాయి. ఒక కుక్క ఒకసారి తవ్విందంటే ఆ వాసనకు ఇంకో నాలుగు వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వీటికి పులితో సమానంగా మొదటి షెడ్యూలులో రక్షణ ఇచ్చారు. అటవీశాఖ వాళ్ళు తెల్లవారకముందే తీరమంతా నడిచి, గుడ్లు సేకరించి, కంచె వేసిన చోట పాతి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. ఇంత కష్టం మీద మా మోతీ అయిదు నిమిషాల్లో నీళ్ళు పోసింది.

మీరు వెళితే ఇసుక మీద ఒక గుర్తు చూడండి. చిన్న ట్రాక్టరు చక్రం పోయినట్టుగా సముద్రం నుంచి పైకి ఒక జాడ, పక్కనే తిరిగి కిందికి ఒక జాడ. అది కనిపిస్తే కుక్కను అటు తిప్పనే వద్దు, పిల్లల్నీ తొక్కనివ్వద్దు. ఒకవేళ గుడ్లు బయటపడితే మీరు తీసి ఇంకోచోట పాతకండి. పెట్టిన కొద్ది గంటల తరువాత అటూ ఇటూ దొర్లిస్తే లోపలి పిల్ల చచ్చిపోతుంది. పైన ఇసుక కప్పి, అటవీశాఖ వాళ్ళకో దగ్గరి చేపలవాళ్ళకో చెప్పండి. చీకటి పడ్డాక కుక్కతో, టార్చిలైట్లతో తీరానికి వెళ్ళనే వద్దు. తల్లి తాబేలు వెలుతురు చూసి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది.

తీరాన ఇంకొక ప్రమాదం ఉంది. వలలు దులిపినచోట పనికిరాని చేపలు పారేస్తారు. వాటిలో కడుపు బుడగలాగా ఉబ్బించుకునే చేప ఒకటి ఉంటుంది. దానిలో ఘోరమైన విషం, ఉడికించినా పోదు. కుక్క అది తిన్నదంటే కాళ్ళు చచ్చుబడి, ఊపిరాడక పోవచ్చు. సముద్రపు నీళ్ళు తాగినా వాంతులు, విరేచనాలు. దాహం వేసేదాకా ఉండకుండా గంటగంటకూ మంచినీళ్ళు పోస్తూ ఉంటే అటు మూతి పెట్టదు.

పల్లెల్లో కుక్కలు గుంపుగా ఉంటాయి, కొత్తదాన్ని చూస్తే ఊరుకోవు. మన కుక్కకు పిచ్చికుక్క టీకా ఆ ఏడాదిది వేయించి ఉంటేనే బయలుదేరండి. మనిషికి ఏ కుక్క పన్ను దిగినా, చిన్న గీత పడినా, వెంటనే పావుగంటసేపు సబ్బుతో, ధారగా నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవడం మానాలి, మా అమ్మమ్మ కాలం వైద్యం అది.

రెండోసారి వెళ్ళినప్పుడు మోతీకి పదిహేను గజాల నూలుతాడు కొన్నాను, కొబ్బరితాడైతే చేతులు కోసుకుపోతాయి. అంత పొడవుంటే అది అలల దాకా పరిగెత్తగలదు, సరుగుడు చెట్ల దాకా పోలేదు. నీటి వారనే, తడి ఇసుక మీదనే నడిపించాను. మొదట్లో తాడు కాళ్ళకు చుట్టుకుని నేనే ఒకసారి కూలబడ్డాను. ఆ తరువాత ఇద్దరికీ అలవాటైంది.

పొద్దు వాలుతుండగా వెనక్కి వస్తుంటే సరుగుడు తోపు దగ్గర ఆ చేపలావిడే ఎదురైంది. నన్ను గుర్తుపట్టదులే అనుకున్నాను. ముందు మోతీ వంక, తరువాత నా వంక చూసింది. "ఈపాలి తాడు తెచ్చినారేటమ్మా?" అన్నది. నా చేతికి రెండు చుట్లు చుట్టిన తాడు ఎత్తి చూపించాను. తట్టలోంచి గుప్పెడు ఎండు నెత్తళ్ళు తీసి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది, ఎంత చెప్పినా డబ్బు పుచ్చుకోలేదు.